బిక్షమ్మ అవ్వ గొర్రె చెవి

తెలంగాణ వచ్చిన రెండేళ్లకు, యాభై ఆరో ఏట, బిక్షమ్మ అవ్వ ఉద్యోగంలో చేరింది. ఉద్యోగమంటే పాలమూరు బస్టాండు బయట కూర్చుని సీతాఫలాలు అమ్మడం. అంతకుముందు నలభై ఏళ్లు మొగుడి చేనులో కలుపు తీసింది, పత్తి ఏరింది, బర్రెను పిండింది. అదంతా పని కిందికి రాదు. ఎందుకంటే పైసలు లింగస్వామి తాత బనీను జేబులోకి పోయేవి.

కన్ను విచ్చిన కాయను తెంపి గడ్డిలో పెడితే మూడు రోజులకు పండుతుంది. మూడు రోజులు ఆగే ఓపిక అవ్వకు పుట్టుకతోనే లేదు. ఊరి గుట్ట మీద తెంపిన కాయలను తెల్లారే గంపతో సహా బస్సెక్కించింది.

"అన్నీ రాళ్ల తీరున్నయి గదా!" అన్నాడు హైదరాబాదు బస్సు కోసం నిలబడ్డ ఒకాయన.

"ఎల్లుండి తిను. నీకేమన్న రైలు పోతాందా?"

ఆ రోజు అరవై రూపాయలు వచ్చాయి. ముప్పై బస్సుకు, ఇరవై మిర్చి బజ్జీలకు పోయాయి. మిగిలిన పది నోటును తాత ముక్కు ముందు ఆడించి, "చూసినవా నా జీతం?" అంది.

తర్వాత పండబెట్టడం నేర్చింది. పిసికి చూసేవాళ్లను మాత్రం క్షమించలేదు. "జర ఆగు బిడ్డా, గది పండు, నీ బామ్మర్ది చెంప గాదు" అనేది. జనం నవ్వి, తిట్లు తిన్నందుకు ఒకటి ఎక్కువే కొనేవారు. ఆరు వారాల్లో పసుపు డబ్బాలో నాలుగు వేల రెండు వందలు చేరాయి.

డబ్బా నిండగానే ఇంటినిండా సలహాదారులు మొలిచారు. తాత చిట్టీ వెయ్యమన్నాడు, అది తన పేరుమీదే అన్నాడు. కొడుకు సురేశ్ బ్యాంకులో వెయ్యమన్నాడు.

"బ్యాంకుల పైసలు పిల్లలు పెడ్తయారా?"

"వడ్డీ వస్తదే, అమ్మా."

"దానికెన్ని కాళ్లుంటయి?"

నాలుగు కాళ్ల వడ్డీ కావాలని అవ్వ నాలుగు వేలు పెట్టి ఒక పడుచు గొర్రెను కొని, మంద కాసే గుర్వయ్యకు పాలుకు ఇచ్చింది. గుర్వయ్య మేపాలి, పుట్టిన పిల్లలు చెరి సగం. గొర్రె చస్తే నష్టం అవ్వదే. కానీ చచ్చినట్టు రుజువుగా గుర్వయ్య దాని చెవి తెచ్చి చూపాలి. ఊళ్లో అందరూ గుర్తుకోసం గొర్రె చెవికి ఒక్క గాటు పెట్టిస్తారు. అవ్వ మూడు పెట్టించింది. తన సొమ్ము ఎవరి సొమ్ముతోనూ కలవకూడదట. ఆమె జీవితంలో తనదని చెప్పుకోవడానికి ఉన్నది ఆ ఒక్క గొర్రే.

వారానికోసారి మంద దాకా నడిచి దాని కడుపు తడిమి వచ్చేది. ఎండాకాలంలో మోకాలు వాచి నెల రోజులు పోలేకపోయింది. అప్పుడే గుర్వయ్య వాకిట్లోకి వచ్చి కూలబడి ఏడ్చాడు.

"తోడేలు వడ్డది పెద్దమ్మా! నీ గొర్రెనే పట్టింది. గీ చెవి తప్ప ఏం మిగల్లే."

మూడు గాట్ల చెవే. అవ్వ పొద్దంతా అన్నం ముట్టలేదు. తాత, "చిట్టీకైతే తోడేలు రాకపోవు" అని తన వంతు ఓదార్పు ఇచ్చాడు. అవ్వ చెవిని ఆ పసుపు డబ్బాలోనే దాచబోతూ దాని అంచు చూసింది. నున్నగా, గీత గీసినట్టు ఉంది.

"తోడేలు కత్తి వట్టుకొని తిరుగుతాందా?" అంది.

తెల్లవారి మోకాలికి గుడ్డ చుట్టుకుని మంద దగ్గరికి కుంటింది. వంద గొర్రెలు, అన్నీ ఒక్క తీరే. అవ్వ ముఖాలు చూడలేదు, చెవులు చూసుకుంటూ పోయింది. కంచె పక్కన ఒంటి చెవి గొర్రె నిలబడి రెండు పిల్లలకు పాలిస్తోంది. తెగినచోట పసుపు మందు కూడా రాసి ఉంది. వేరే చచ్చిన గొర్రె చెవి చూపుదామంటే మూడు గాట్లది ఇంకేదానికీ లేకపాయె, గుర్వయ్య మాత్రం ఏం చేస్తాడు?

"బతికొచ్చింది పెద్దమ్మా!" అన్నాడు గుర్వయ్య.

"మరి నిన్న ఏడిస్తివి?"

"ఏడ్సినంక వచ్చింది."

ఇంకో రెండు మాటలైతే తోడేలే మందు రాసిందనేవాడు. అవ్వ తల్లిని, పిల్లలను రెండింటినీ తోలుకుని ఇంటికొచ్చింది. మోకాలు నొప్పి గుర్తే రాలేదు.

మొదటి రోజు గొర్రె మల్లెచెట్టు తిన్నది. రెండో రోజు తాత తువ్వాలు తిన్నది. మూడో రోజు పిల్లలు సురేశ్ మంచమెక్కి ఉచ్చ పోశాయి. మేపుకు తోలే మనిషి లేడు. కిరాయికి పెడదామంటే గొర్రె ధర కంటే ఎక్కువ అడిగారు. నాలుగో రోజు పొద్దున అవ్వ తన సగం కింద ఒక పిల్లను వాకిట్లో కట్టేసి, మిగిలిన వాటిని తాడుతో లాక్కుంటూ గుర్వయ్య దగ్గరికే పోయింది. ఊళ్లో ఇంకో మంద ఉంటే కదా!

"పాలుకే ఇస్తున్న. ఈసారి సస్తే దాని చెవి నాకద్దు" అంది. "నీ చెవి వట్టుకరా."

గుర్వయ్య ఒక చేత్తో తాడు అందుకున్నాడు. రెండో చెయ్యి దానంతటదే తన చెవి మీదికి పోయింది.