సీరియల్ అమ్మాయికి మేం చేసిన ఉగాది

ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తల్లో, ఎనభైల మొదట్లో, నేనొక ఉగాది కథ రాశాను. అందులోని అమ్మాయి నా సొంతం కాదు. అప్పట్లో ఒక వారపత్రికలో వస్తున్న సీరియల్ కథానాయిక ఆమె; ఉమ్మడి కుటుంబంలో పడిన మొండి పిల్ల. నేనూ మా తోడికోడలూ అద్దె పుస్తకాల అంగడి నుంచి ఆ పత్రిక తెప్పించుకుని, పట్టుదారం కండెలకు చుడుతూ, ఒకరు చదివితే ఒకరు వినేవాళ్లం. ఎన్ని వారాలు గడిచినా ఆ అమ్మాయికి ఒక్క పండగా రాలేదు. మా ఇద్దరికీ అది కొరతగా ఉండేది.

మా ఇంట్లోనూ పండగలు అంతంతమాత్రమే. ఉగాది దాటితే పెళ్లిళ్లు. మగ్గాలకు ఊపిరాడని కాలమది. మగవాళ్లు మగ్గం గుంతలో కాళ్లు పెట్టి కూర్చుంటే అన్నానికి తప్ప లేచేవాళ్లు కాదు. వాళ్ల చెయ్యి ఆగకుండా మేం దారం అందించాలి. మా పుట్టిల్లు శింగనమల. అదేమంత దూరం కాదు. అయినా పెళ్లయ్యాక ఒక్క ఉగాదికీ పోలేదు. వీధి చివరి కొళాయి దాకా పోవడమే నాకు ఊరు చూడటం.

పాత క్యాలెండరు కాగితాల వెనక రాసిన ఆ కథను ఒక మధ్యాహ్నం తోడికోడలికి చదివి వినిపించాను. ఆమె రాట్నం తిప్పుతూనే విన్నది.

"పూర్ణం పెట్టి ఓళిగలు చేసేది బాగా రాసినావు. బెల్లం వాసన ముక్కుకు తగిలింది. వేపపూత కోసం గోడెక్కేది కూడా ఆ పిల్ల మాదిరే ఉండాది."

"మరి బాగాలేనిది ఏది అక్కా?"

"మొగుడు. సీరియల్లో వాడు నోరు తెరిస్తే ఎత్తిపొడుపే. పండగ కదా అని నువ్వు వాన్ని మంచోన్ని చేసినావు."

"ఒక్క దినమన్నా మారకూడదా?"

"మారొచ్చు. ఎట్ల మారినాడో చెప్పల్ల కదా." కండె తీసి పక్కన పెట్టింది. "ఇంకొకటి. పొద్దున్నే బస్సెక్కి పుట్టింటికి పోయిందని రాసినావు. ఎవర్ని అడిగి ఎక్కింది?"

మళ్లీ రాయడానికి కూర్చున్నాను. కథలో ఆ పిల్ల మొగుణ్ణి అడిగితే మామనడగమన్నాడు. మామనడిగితే మగ్గం వైపు చూశాడు. ఎన్నిసార్లు రాసినా ఆ పిల్ల వాకిలి దాటలేదు. చేతిలో సంచి పట్టుకుని అక్కడే నిలబడేది.

పండగ దగ్గర పడినప్పుడు, అన్నం వడ్డిస్తూ తోడికోడలు మా మామను అడిగింది. "ఈసారి చిన్నదాన్ని ఉగాదికి పుట్టింటికి పంపిద్దామా మామా?"

ఆయన తల ఎత్తలేదు. "మగ్గం మీంచి చీర దిగినాక చూద్దాంలే."

చీర పండగ అయ్యాకే దిగింది. ఉగాది నాడు ఓళిగలు తిని, మధ్యాహ్నానికి మళ్లీ దారం ముందు కూర్చున్నాం. తర్వాత నేను కథను మా ఇంట్లో జరిగింది జరిగినట్టే రాసి చదివాను.

"ఇప్పుడు తప్పు పట్టేదానికి ఏమీ లేదు," అంది తోడికోడలు. "కానీ ఇది నాకొద్దు. ముందుది చదువు."

"అందులో మొగుడు అబద్ధమన్నావు కదా."

"అబద్ధమే. అయినా చదువు."

చదివాను. బస్సెక్కే చోట ఆమె రాట్నం ఆపి కళ్లు మూసుకుంది.

మా అత్త గడప దగ్గర చేటలో కందిబేడలు ఏరుతోంది. ఆమెకు చదువు రాదు. ఇన్నాళ్లూ అన్నీ వింటోందని మాకు తెలియదు.

"ఆ పిల్ల అత్తకు పుట్టిల్లు యాడ?" అని అడిగింది.

మేం మొహాలు చూసుకున్నాం. "అది రాయలేదత్తా."

"రాయి. ఆమె కూడా యాడ్నించో వచ్చినదే కదా."

"మీది యాడత్తా?" అన్నాను. అంతవరకూ ఎన్నడూ అడగలేదు.

"కుందుర్పి కాడ ఒక పల్లె. ప్రతి ఉగాదికీ మా నాయన పిలిచేదానికి వస్తాండె. మా మామ ఇప్పుడు కుదరదనేవాడు. నాయన నీళ్లు తాగి, వచ్చిన దావనే ఎనక్కి తిరిగేవాడు."

"ఒక్కసారన్నా పంపలేదా?" అంది తోడికోడలు.

అత్త బేడల్లోంచి ఒక రాయి తీసి బయటికి విసిరింది.

"నాయన పోయినప్పుడు పంపినారు."