బొంతలో నీలం ముక్క

మా ఊరి హైస్కూలుకు కంప్యూటర్లు వచ్చిన రెండో ఏడు, నందికొట్కూరు నుంచి బస్సులో వచ్చే తెలుగు టీచరమ్మ తొమ్మిదో తరగతి పిల్లలకు ఒక పని పెట్టింది. ఇంట్లో ఏదైనా పాత వస్తువు గురించి పెద్దవాళ్లను మాట్లాడించి, ఆ మాటలు రికార్డు చేసి, ఫోటోలు జతపరిచి, కంప్యూటర్‌లో నాలుగు నిమిషాల కథ చేయాలి. నా కూతురూ మనవరాలూ నా దగ్గరే ఉండేవారు. మనవరాలు మా బొంతను ఎంచుకుంది. చిరిగిన గుడ్డను పారేసే అలవాటు నాకు లేదు. ఇంట్లో అందరి బట్టలూ చివరికి ఆ బొంతలోకే చేరేవి.

టీచరమ్మ కెమెరా తీసుకుని ఇంటికొచ్చింది. మనవరాలు ఒక్కో ముక్క మీద వేలు పెట్టి అడుగుతుంటే చెప్పుకుంటూ పోయాను. ఇది మీ తాత పంచె, ఇది మా అమ్మ కోక. వేలు నీలం ముక్క మీద ఆగింది.

"మీయమ్మ ఇస్కూలు లంగా. గుడ్డ గట్టిగా ఉండాదని కత్తిరిస్తి."

"గట్టిగా ఉంటే తొడుక్కుంటారు గదవ్వా, కత్తిరిస్తారా?"

నా కూతురు ఇంట్లో లేదు, శనక్కాయ చేలో కలుపు తీయడానికి పోయింది. గుడ్డ గట్టిదని ఇన్నేళ్లూ అందరికీ చెప్పిన ఆ మాటనే మళ్లీ చెప్పబోతే నోరు రాలేదు.

"ఆ ఏడు వానల్లేకపాయ. నేను కూలికి పోతే ఇంటికి నీళ్లు మోసేదెవరు? ఏడో తరగతిలో మాన్పిస్తి. లంగా ఉంటే మళ్లా పోతానని ఏడుస్తాదని ఆ పొద్దే కత్తిరిస్తి."

టీచరమ్మ వెళ్లాక మనవరాలిని పట్టుకున్నాను. "ఆ మాట తీసెయ్ పాపా. మీయమ్మ వింటాది."

"అది తీసేస్తే ఇంగ కథేముండాదవ్వా? వద్దంటే మొత్తం తీసేస్తా. సగం మాత్రం తీయను."

మొండితనం నాదే. మూడో రోజు అది బడికి పోతుంటే, "ఉండనీ" అన్నాను.

బడిలో గోడకు తెల్ల దుప్పటి కట్టి కథలు చూపించారు. నా కూతురు నా పక్కనే కూర్చుంది. దుప్పటి మీద నా చేతులు, పైన నా గొంతు.

"ఏం గొంతమ్మే, ఈడగూడా గదమాయిస్తాండాదే!" అని వెనకెవరో నవ్వారు. నీలం ముక్క వచ్చేసరికి నవ్వులు ఆగిపోయాయి. నేను కూతురి వైపు చూడలేదు.

ఇంటికి నడుస్తూ సగం దారిలో తనే అంది.

"కత్తెర నేనే గదమా తెచ్చిస్తి. నాకు రైక కుడతాండావనుకుంటి."

ఆ సంగతి నాకు గుర్తే లేదు. నా కూతురికి ఉంది. ఇంటికి చేరి, ఎప్పటిలాగే పొయ్యి ముట్టించింది. అన్నం పెట్టింది. నేను తిన్నాను.

మరుసటేడు మనవరాలు పది పాసయింది. దాని యూనిఫారం మడిచి పెట్టె అడుగున పెట్టాను. గుడ్డ ఇంకా గట్టిగానే ఉంది. బొంత ఒక మూల చిరిగింది. అతుకు వేయడానికి వేరే గుడ్డ వెతుకుతున్నాను.