రెండు సున్నాల నడుమ నాడె

సిరిసిల్ల సర్కారు బడిలో ఒకటో తరగతి చెప్పే విమల టీచరు కొంగు చివర ఎప్పుడూ ఒక అయస్కాంతం ముడివేసి ఉంటుంది. నేలపై సుద్దతో రెండు సున్నాలు గీసి, పిల్లల చేత మేకును అంటుకునేవాటిలో, రబ్బరును అంటుకోనివాటిలో పెట్టించడం ఆమె పద్ధతి. జూన్‌లో బడిలో చేరినప్పటి నుంచి తరగతిలో నోరు విప్పని అఖిల చేత ఒక్క మాటైనా పలికించాలన్నది ఆమె పంతం. నిన్న, మగ్గంలో దారాన్ని అటూ ఇటూ మోసే నాడెను చూపి, "ఇది కట్టెది, అంటుకోదు" అంటూ రెండో సున్నాలో పెట్టింది.

"గా కొసలకు ఇనుమున్నది టీచర్! మా నాయిన నాడెలు నేను సూడలేదా?" అంది అఖిల.

కొంగు చివర దగ్గరికి తేగానే అయస్కాంతం టక్కున నాడె కొసకు అంటింది. విమల తన తీర్పును తానే కొట్టివేసి, రెండు సున్నాలూ కొంత ఒకదానిలోకి ఒకటి వచ్చేలా మళ్లీ గీసి, నాడెను ఆ నడుమ చోటులో ఉంచింది. "నాకు తెల్వలే బిడ్డా, ఇగ నువ్వే చెప్పు" అని ముడి విప్పి అయస్కాంతాన్ని అఖిల చేతికిచ్చింది. తాను తప్పు చెబితే అఖిల నోరు విప్పి దిద్దిన ఆ సంగతిని మధ్యాహ్నం తోటి టీచర్లకు మూడుసార్లు చెప్పుకొంది.