కాజాల పిన్నికి గురువారం ఫోను

మా పిన్ని నలభై ఏళ్లు చొక్కాలకు కాజాలు కుట్టింది. గుండీ దూరే ఆ చిన్న చీలిక చుట్టూ దారం అల్లడమే ఆమె పని. చొక్కా కుట్టినవాడికి పేరొచ్చింది, తొడుక్కున్నవాడికి దర్జా వచ్చింది, ఆమెకు కళ్లు పోయాయి. పూర్తిగా పోలేదు. సూదిలో దారం ఎక్కించలేనంతగా పోయాయి. తర్వాత కాజాలకూ మెషిను వచ్చింది. వీధిలో అందరికీ ఆమె ఇప్పటికీ కాజాల పిన్నే.

ఆరేళ్లుగా ఆమె ఇంట్లోనే, ముందు గదిలో నేనుంటున్నాను. బడి మధ్యలో మానేసి దొరికిన పుస్తకమల్లా చదివేవాణ్ణి. గోడౌను పని నుంచి రాగానే నేను పుస్తకం పట్టుకుంటే, గుమ్మంలో నిలబడి కాసేపు చూసేది. నీకు పుస్తకంతోనే కాపురం రా అని వెళ్లిపోయేది.

పక్క వీధి హైస్కూల్లో సమాజసేవ మొదలుపెట్టారు. తొమ్మిదో తరగతి పిల్లలు పగలు ఇంట్లో ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకు ఫోను చేసి బాగోగులు కనుక్కోవాలి. ఒక్కో ఫోనుకు ఒక గంట లెక్క, ఇరవై గంటలు పూర్తయితే సర్టిఫికెట్టు. గంటల్లో కొలిచే దయ మీద నాకు నమ్మకం లేదని పిన్నితో అంటే, తాను కాజాలు కూడా లెక్కపెట్టే కుట్టానంది.

వెళ్లి పేరు రాయించుకుంది. అలా ఆమెకు ఒక పిల్ల దొరికింది. ప్రతి గురువారం, నాకు గోడౌను సెలవు రోజున, నాలుగింటికి ఫోను చేసేది. ఆ పిల్ల దగ్గర అచ్చు కాగితం ఉండేది: భోజనం చేశారా, మందులు వేసుకున్నారా, నిద్ర పట్టిందా. అవునంటే టిక్కు. మూడు నిమిషాల్లో అయిపోయేది. ఒక గురువారం పిన్ని బీపీ మాత్ర నిజంగానే మర్చిపోయి, లేదంది. లేదంటే ఎందుకని అడగాలని కాగితంలో ఉందట. పిల్ల అడిగింది. ఆ రోజు పావుగంట మాట్లాడుకున్నారు.

అప్పట్నుంచి పిన్ని అన్నిటికీ లేదనే చెప్పింది. తిన్న పళ్లెం పక్కనే పెట్టుకుని తినలేదంది. రాత్రంతా గురకపెట్టి నా నిద్ర పాడుచేసి, రెప్ప వాల్చలేదంది. ఎందుకనే చోట మొదలైన మాట ఎటో వెళ్లేది. పిల్ల యూనిఫారానికి రెండో కాజా చిరిగిందట. దారం దగ్గర దగ్గరగా ఎలా అల్లాలో పిన్ని గాలిలో వేళ్లు ఆడిస్తూ ఫోనులోనే నేర్పింది. వంకరగా వచ్చిందని పై వారం పిల్ల నవ్వింది.

“ఒకసారి తీసుకురావే, చేత్తో తడిమి చెప్తాను” అంది పిన్ని.

తెల్లదారం, నీలం దారం, సన్న సూదులు పాత బిస్కెట్ డబ్బాలో సర్ది గుమ్మం పక్కన పెట్టుకుంది.

పిల్ల రాలేదు, నర్సు వచ్చింది. వరసగా అన్ని ‘లేదు’లు చూసి టీచరమ్మ భయపడి ఆస్పత్రికి రాసిందట. ఇంత జబ్బుమనిషిని పిల్లలకు అప్పగించకూడదని జాబితాలోంచి తీసేశారు. నర్సు బీపీ చూసి, తన బీపీ కంటే పిన్నిదే నయమని చెప్పి వెళ్లిపోయింది.

తర్వాతి గురువారం నాలుగింటికి పిన్ని ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆ పై గురువారం కూడా. పాడైందేమో చూడమంటే నా నంబరు నుంచి చేశాను. మోగింది. ఎత్తి, నా గొంతు విని, పనిచేస్తోందిలే అని పెట్టేసింది.

స్కూలుకు వెళ్లి టీచరమ్మను నాలుగు మాటలన్నాను. ఆవిడ ఓపిగ్గా విని, ఆ పిల్ల గంటలు పూర్తయ్యాయని, వచ్చే ఏడు కావాలంటే మళ్లీ రాయమని ఫారం ఇచ్చింది. దారి పొడుగునా అనాల్సిన మాటలు ఇంకా తోచాయి. ఇంటికొచ్చేసరికి ఒకటే మిగిలింది: నిద్ర పట్టిందా అని ఈ ఆరేళ్లలో నేనొక్కసారీ అడగలేదు.

ఫారం నింపుతుంటే పిన్ని పక్కన కూర్చుంది.

“అన్నీ అవునని చెప్తానని రాయరా.”

“దానికి చోటు లేదు పిన్నీ.”

“మూడు నిమిషాలైనా చాలని రాయి. అడుగున, సన్నగా.”

రాశాను.

బళ్లు తెరిచాక ఒక గురువారం ఫోను మోగింది. కొత్త గొంతు, గబగబా అడిగింది. పిన్ని తిన్నానంది, వేసుకున్నానంది, పట్టిందంది. చివరికి ఉండబట్టలేక, “నీ యూనిఫారం కాజాలన్నీ బాగున్నాయా అమ్మా?” అంది.

అవతల కాసేపు కాగితం చప్పుడు. “అది ఇందులో లేదండీ.”

సరేనమ్మా అంది పిన్ని. అవతల పెట్టేశాక కూడా ఫోను చెవి దగ్గరే ఉంచుకుంది. డబ్బా ఇంకా గుమ్మం పక్కనే ఉంది. నేను పుస్తకం మూసి ఆమె దగ్గరకు వెళ్లి, భోజనం చేశావా పిన్నీ అని అడిగాను. నాతో కూడా లేదనే అంటుందని ఎదురుచూశాను.

“తిన్నాన్లేరా. పో, చదువుకో.”