ఎడమ చేతి విత్తనాలు

కళ్యాణదుర్గంలో బస్సు దిగితే చాలు, వేరుశనగ కాయలు ఒలిచే మిషన్ దగ్గర తడిసిన పొట్టు వాసన ముక్కుకు తగులుతుంది. అంతే, నేను మళ్లీ మా ఇంటి ముందర వేప నీడలో, అవ్వకు ఎదురుగా, కాళ్లు చాపుకుని కూర్చుని ఉంటాను.

వానలకు ముందరి ఎండలు అవి. విత్తనానికి చెనిక్కాయలు చేత్తోనే ఒలవాలి. కాసిన్ని నీళ్లు చల్లి మెత్తబరిచి, కాయ మూతిని బొటనవేలితో టిక్కుమని నొక్కితే, గింజ మీది ఎర్రపొర చిరగకుండా బయటికి రావాలి, చిరిగితే మొలవదు. ఆ పనిలో మా అవ్వను మించినవాళ్లు ఊళ్లో లేరు. అలాంటి అవ్వకు ఆ ఏడు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. చెయ్యి పోయినందుకు ఏడవలేదు గానీ, చేట ముందు నుంచి లేవమన్నందుకు ఏడ్చింది.

మర్నాడు ఎడమ చేత్తో మొదలుపెట్టింది. నొక్కితే గింజ రెండు బద్దలు. మళ్లీ నొక్కితే మళ్లీ బద్దలే.

“ఏమ్మా, ఇత్తనాలన్నీ పాడు చేస్తాండావు! ఆదివారం దాకా చూస్తా, ఆమీట చేట ఎత్తి అటక మీద పెట్టేస్తా,” అన్నాడు నాయన.

“పాడు యాడుందిరా? బద్దలు పాప తింటాది. నీ మాదిరి అరుస్తాదా ఏమన్నా?”

నాకైతే పండగే. అమ్మ ఆ బద్దల్ని వేయించి, బెల్లం పాకం పట్టి ఉండలు చుట్టేది. అవి నములుతూ, అవ్వ వేళ్లనే చూస్తూ, నేనూ అప్పుడే ఒలవడం నేర్చుకున్నాను.

మధ్యాహ్నం ఎక్కడో గొర్రెల మెడగంటలు, వేడిగాలి, వేపపూత రాలిన మంచం. అవ్వ కునుకు తీస్తుంటే ఆమె ఎడమ చేతి వేళ్లు దుప్పటి మీద లేని కాయల్ని మెల్లగా నొక్కుతూ ఉండేవి. మెలకువలో తప్పిన పనిని మెదడు నిద్రలో మళ్లీ చేసి చూసుకుంటుందని ఈమధ్య ఫోనులో ఎవరో చెబుతుంటే విన్నాను. నేనైతే అది కళ్లారా చూశాను.

శనివారం బద్దల గిన్నె ఖాళీ.

“అవ్వా, ఈ పొద్దు నాకేం లేవా?” అని రాగం తీశాను.

అవ్వ గిన్నె వంక చూసింది, తన చేతి వంక చూసింది, పకపకా నవ్వింది. “ఒరేయ్, నీ కూతురు పస్తుండాదిరా! వచ్చి చూడు!”

నాయన వచ్చి చేటలోని గింజల్ని దోసిట్లోకి తీసుకుని ఎండలో తిప్పి తిప్పి చూశాడు. ఇంకో బుట్ట కాయలు తెచ్చి ఆమె ముందు పోశాడు.

ఇప్పుడా పని మిషన్‌ది. నీడలో టిక్కు టిక్కు చప్పుడు లేదు, బద్దల ఉండలు లేవు, అవ్వా లేదు. అన్నం తినడం, రాయడం, ముగ్గు వేయడం అన్నీ నాకు కుడి చేత్తోనే. చెనిక్కాయ దొరికితే మాత్రం ఎడమ చెయ్యే ముందుకొస్తుంది. మొన్న బస్సులో ఒలుస్తుంటే పక్కనామె చూసి, “ఎడమ చేతి వాటమా పాపా నీది?” అని అడిగింది.

“నాది కాదక్కా,” అన్నాను, “మా అవ్వది.”