మనోజ్ఞ వెతికిన రెండో గీత

ఎల్లారెడ్డిలో బాలమల్లు అంటే వరికోత మిషన్ నడిపే మనిషని అందరికీ తెలుసు. ఆయన బిడ్డ మనోజ్ఞ ఏం చదువుతున్నదో మాత్రం ఎవరికీ సరిగ్గా తెలియదు. కామారెడ్డిలో కెమిస్ట్రీ డిగ్రీ చేసి, తర్వాత పుణెలో పరిశోధనలో చేరింది. నక్షత్రాల నడుమ ఉండే వాయు మేఘాల్లో ఏయే పదార్థాలున్నాయో రేడియో టెలిస్కోపుతో కనిపెట్టడం ఆమె పని. ఒక్కో పదార్థం నుంచి దానికే సొంతమైన రేడియో తరంగాలు వస్తాయి. కంప్యూటర్ తెర మీద అవి సన్నని గీతల్లా లేస్తాయి.

నిరుడు ఒక చల్లని మేఘంలో ఫార్మమైడ్ గీత ఆమె కంటబడింది. ఆ మేఘంలో ఆ పదార్థం అంతకుముందు ఎవరికీ దొరకలేదు. గైడ్ రామస్వామి సంతోషపడ్డారు గానీ, తొందరపడలేదు.

"ఒక్క గీతను నమ్మలేమమ్మా. అదే చోట ఇంకో పదార్థం గీత కూడా పడొచ్చు. లెక్క ప్రకారం ఫార్మమైడ్ రెండో గీత ఎక్కడ రావాలో అక్కడ చూపించు."

ఈలోగా ఒక సదస్సులో ఆమె ఆ గీతను చూపిస్తే, వేరే బృందం వాళ్లు అది ఫార్మమైడే కాదని నిలదీశారు. ఆమె చేసిన పనంతా ఆ గీత మీదే ఆధారపడి ఉంది.

టెలిస్కోపు వాడే వంతు మళ్లీ వచ్చి, సమాచారం చేతికొచ్చేసరికి వరికోతలు మొదలయ్యాయి. మనోజ్ఞ ఇంటి దగ్గరే ఉంది. ల్యాప్‌టాప్ తెరిచి చూస్తే రెండో గీత ఉండాల్సిన చోట ఏమీ లేదు.

రెండు రోజులు ఆ తెర ముందే కూర్చుంది.

"ఏమైంది బిడ్డా, గట్ల కూసున్నవ్?" అని తల్లి ఈరవ్వ అడిగింది.

"నేను చెప్పింది తప్పేమో అవ్వా. మళ్ల మొదటిసంది చెయ్యాలె."

"మీ సార్‌కు చెప్పినవా?" అన్నాడు బాలమల్లు.

"ఇంకా చెప్పలే బాపు. ఎట్ల చెప్పాలో తెలుస్తలేదు."

"ఎప్పటికైనా చెప్పుడే గద. ఇయ్యాల్నే చెప్పు."

ఆ సాయంత్రమే ఆమె పుణె రైలెక్కాలి. మధ్యాహ్నం బస్సులో కామారెడ్డి చేరి, డిగ్రీలో తనతో చదివిన సమీరా ఇంటికి పోయింది. అక్కడ కూర్చొని గైడ్‌కు మెయిల్ రాయసాగింది. టెలిస్కోపు బాగానే పనిచేసిందని చూపడానికి మిథనాల్ అనే ఇంకో పదార్థం గీత బొమ్మ జతచేద్దామనుకుంది. ఆ మేఘంలో మిథనాల్ ఉన్నట్టు ఎప్పుడో రుజువైంది.

అది కూడా తన చోట లేదు. కొంచెం పక్కకు జరిగి ఉంది. తెలిసిన మరో గీతను చూసింది. అదీ అంతే జరిగింది.

"సమీరా, తప్పు మేఘంల లేదు. నా ప్రోగ్రామ్‌ల ఉన్నది," అంది మెల్లగా.

భూమి కదలిక వల్ల గీతలు పక్కకు జరుగుతాయి. లెక్క కట్టి ఆ తేడాను ఒకసారి తీసేయాలి. ఈసారి ఆ పని టెలిస్కోపు దగ్గరే జరిగిపోయింది. ఆమె ప్రోగ్రామ్ ఆ తేడాను రెండోసారి కూడా తీసేయడంతో గీతలన్నీ పక్కకు జరిగాయి. రెండో గీతను ఆమె ఇరుకు చోటులోనే వెతకడంతో అది అక్కడ కనబడలేదు.

అదనపు లెక్క తీసేసి ప్రోగ్రామ్‌ను మళ్లీ నడిపింది. ఫార్మమైడ్ రెండో గీత, చిన్నదే గానీ స్పష్టంగా, ఉండాల్సిన చోటే లేచింది.

మనోజ్ఞ రెండు చేతులతో ముఖం కప్పుకుంది. సమీరా కంగారుగా భుజం పట్టుకుంటే, "ఏం లేదు, మంచిగనే ఉన్న," అంది.

మెయిల్ మార్చి రాసి, సమాచారంతో సహా గైడ్‌కు పంపింది. రైలు వేళకు రామస్వామి ఫోన్ చేశారు. "నేనూ విడిగా చూశానమ్మా. ఉంది. ఇక ధైర్యంగా పరిశోధన వ్యాసం రాయి."

నిజామాబాద్ రాకముందే ఆమెకు నిద్రపట్టింది. మహారాష్ట్రలో పర్భణి దాటేదాకా మెలకువ రాలేదు.