మోచేతి పైన గాజు

అక్కకు ప్రసూతి ఆసుపత్రిలో నర్సు శిక్షణకు చోటు దొరికింది. వాళ్లు పంపిన కాగితంలో దుస్తులు, అలంకారం గురించి తొమ్మిది నియమాలు ఉన్నాయి. నేను పారిశ్రామిక పాఠశాలలో నక్షాలు గీయడం నేర్చుకుని, నీటి గొట్టాల శాఖలో అప్పుడే పనిలో చేరాను. జాబితా కనబడితే పెన్సిల్ తీయకుండా ఉండలేను. చేయగలిగిన ప్రతిదాని పక్కనా ఒక గీత పెట్టుకుంటూ పోయాను. ఎనిమిదింటికి గీతలు పడ్డాయి. అయిదోది మిగిలింది: వేలి కొస నుంచి మోచేతి దాకా ఏ ఆభరణమూ ఉండరాదు.

కారణం కూడా కిందే రాశారు. పసిపిల్లల ఒంటికి గీసుకుంటుంది, చేతులు శుభ్రంగా కడగడం కుదరదు. నాకు సబబుగానే తోచింది. అమ్మకు చదివి వినిపించాక గాని అందులో ఏముందో నాకు అర్థం కాలేదు.

"మొగడు లడాయిల ఉండంగ దీని చేతులు బోడిగ వెడ్తరా?" అంది అమ్మ. "నేనెట్ల సూడాలె బిడ్డా?"

బావ ఫౌజులో లారీలు బాగుచేసే మిస్త్రీ. సముద్రం దాటి వెళ్లి ఏడాది దాటింది. ఉత్తరం వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. అప్పటి నుంచి అక్క కిషన్‌బాగ్‌లో మా రెండు గదుల ఇంట్లోనే ఉంటోంది. మా నాన్న పోయినప్పుడు నాకు తొమ్మిదేళ్లు. అమ్మ చేతులు గాజులతో ఎలా ఉండేవో నాకు గుర్తు లేదు. చేతులు బోడిగా అన్నప్పుడు ఆమె తన రెండు చేతులనూ కొంగు కింద పెట్టుకుంది.

అక్క వాదించలేదు. "అమ్మ ఊ అంటేనే పోత. లేకుంటె పోను," అంది. శిక్షణ సోమవారం మొదలు. చేతిలో తొమ్మిది రోజులున్నాయి.

అమ్మ ఊ అనకపోయినా మిగతా ఎనిమిదింటి పని నేను ఆపలేదు. ప్రతి వస్తువుకూ మూడు షరతులు పెట్టుకున్నాను: చప్పుడు చేయకూడదు, దేనికీ చిక్కుకోకూడదు, ఇరవై ఏళ్ల తర్వాత అక్క పెట్టుకున్నా పాతబడినట్టు కనిపించకూడదు. పత్తర్‌గట్టిలో ఒక సాయంత్రమంతా తిరిగాను. కర్ర పిడి ఉన్న నల్ల గొడుగు దొరికింది. మెత్తటి అడుగున్న తోలు చెప్పులు, మెరుగు లేని నల్ల జడపిన్నులు తీసుకున్నాను. చెప్పులను రాతి మెట్టు మీద వేసి నడిపించి చప్పుడు వింటుంటే, దుకాణందారు తన పక్కవాడితో "దొంగతనానికి పోతడేమో అడుగు," అన్నాడు. చెవులకు కొత్తవి కొనలేదు. అక్క చిన్నప్పుడు పెట్టుకున్న బంగారు చుక్కలే సరిపోయాయి. జొన్నగింజంత ఉంటాయి. వాటిని చూసినప్పుడు నాకు ఒకటి తెలిసింది. మంచి వస్తువు ముందు మనిషిని చూడనిస్తుంది, తర్వాత తను కనబడుతుంది.

అయిదో నియమాన్ని ఎన్నోసారో చదువుతున్నప్పుడు, అది మోచేతి దగ్గర ఆగిపోతుందని గమనించాను. పైన ఏముండాలో వాళ్లు రాయలేదు. అక్క రవికల చేతులు మోచేతి దాకా ఉంటాయి. దాని లోపల, పైచేతికి ఒక్క గాజు ఉంటే ఎవరికీ కనబడదు, ఏ పసిబిడ్డకూ తగలదు.

ఆ సంగతి చెప్పగానే అమ్మ అక్క పైచేతిని తడిమి చూసింది. "మా అమ్మమ్మ దండచెయ్యికి కడెం వెట్టుకుంటుండె," అంది. "అది ముందు ఎక్కాలె. తర్వాతనే కిందివి దిగాలె. నడుమ ఒక్క ఘడియ కూడ చెయ్యి ఖాళీ ఉండొద్దు."

అంత స్పష్టమైన సూచన మా శాఖలో కూడా నాకెవరూ ఇవ్వలేదు.

దారం చుట్టి అక్క చేతిని రెండు చోట్ల కొలిచాను. మోచేతిని దాటాలి, పైన బిగిసి నిలవాలి. కాబట్టి మోచేతి కొలత కంటే ఒక నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, ఎక్కువ; పైచేతి కొలత కంటే ఒక నూలు తక్కువ. బొమ్మ గీసి, అంగుళాలు వేసి, చార్మినార్ పక్క లాడ్ బజార్‌కు తీసుకెళ్లాను. అక్కడ లక్క గాజులు చేసే ఒక ముసలామె ఉండేది. అందరూ నానీ అని పిలిచేవారు. బొగ్గుల సిగిడి ముందు కూర్చుని, లక్కను వేడి మీద సాగదీసి కొనలు అతికేది.

"చెయ్యి ఏది?" అంది నానీ.

"కొలత తెచ్చాను."

"కొలతకు గాజు తొడుగుతవా భాయ్?" అని నవ్వింది. "సరే. నగీనాలు ఏ రంగువి?"

"రాళ్లు వద్దు. అద్దాలు వద్దు. జరీ పొడి వద్దు. ముదురు ఎరుపు, నున్నగా, సన్నగా."

"నగీనా లేకుంట లక్క గాజు ఏంది? ఉప్పు లేని ఖిచిడీ లెక్క." అలా అంటూనే చేసింది. చేసి, వేలి మీద తిప్పి చూసి, "హాఁ, ఖూబ్‌సూరత్ ఉన్నది," అని ఒప్పుకుంది.

గాజు సబ్బునీళ్లతో మోచేతిని దాటింది, నేను గీసిన చోట ఆగింది. అక్క రవిక చేయి కిందికి లాక్కుని అటూ ఇటూ తిరిగి చూపింది. అమ్మ బట్ట మీదుగా వేలితో తడిమి, "ఉన్నది," అంది. ఆదివారం కింది గాజులు తీద్దామని అనుకున్నారు. ఆ గంటసేపూ నేను నా నక్షాను చూసుకుని మురిసిపోయాను.

తర్వాత అక్క నిండు బిందెను చంకకు ఎత్తుకుంది. రవికలో టప్‌మని చప్పుడైంది. అతుకు దగ్గర ఊడిన గాజు రెండు ముక్కలై బిందె మీద పడింది.

మా ఇంట్లో గాజు పగిలిందని ఎవరూ అనరు, పెరిగింది అంటారు. ఆ రోజు అమ్మ ఆ రెండు మాటల్లో ఏదీ అనలేదు. పొయ్యి దగ్గరికి వెళ్లి గోడ వైపు తిరిగి కూర్చుంది. అది నా లెక్కలో తప్పని, చేయి మడిస్తే కండ ఉబ్బుతుందన్నది నేను పట్టించుకోలేదని ఎంత చెప్పినా తల తిప్పలేదు. "ఇగ వద్దు," అంది ఒక్కసారి. శిక్షణ కోసం కొన్న తెల్ల చీరలను అక్క మడతపెట్టి పెట్టె అడుగున పెట్టేసింది. గొడుగు కూడా పెట్టాలని చూసింది, పట్టలేదు. అప్పుడు ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

మర్నాడు ముక్కలు తీసుకుని నానీ దగ్గరికి వెళ్లాను. సంగతంతా విన్నది.

"చెయ్యి అంటె నల్లా గొట్టం అనుకున్నవా? ఎంత సదువుకుంటె ఏంది!" అంది. "పో, అక్కను తీస్కరా. మీ అమ్మను గూడ. ఆమెతోటి నేను మాట్లాడ్త."

అమ్మ వస్తుందని నేను అనుకోలేదు. నాన్న పోయాక ఆమె ఆ బజారులో అడుగు పెట్టలేదు. కానీ నానీ చెప్పిన మాట చెప్పగానే లేచి, "ఆమె ముంగటనే వద్దని చెప్పొస్త," అంటూ బయలుదేరింది. ముగ్గురం టాంగాలో వెళ్లాం.

దుకాణం ముందు అమ్మ ఒక పక్కకు నిలబడింది. చుట్టూ వేలాడే గాజుల మెరుపు ముఖాన పడుతుంటే కళ్లు దించుకుంది.

"విరిగింది నీ కొడుకు కొలత, అమ్మా," అంది నానీ. "నసీబ్ గాదు, నొసటి రాత గాదు. ఫికర్ జెయ్యకు."

తర్వాత తన ఏడు నెలల మనవరాలిని లోపలి నుంచి తెప్పించి అక్క చంకకు ఎక్కించింది. "నీ పని ఇదే గద బేటీ. పట్టుకో. గట్ల కాదు, మస్తు గట్టిగ పట్టుకో. ఏడిస్తె ఎట్ల ఊపుతవో గట్ల ఊపు." పాప అక్క చెవి చుక్కను పీకబోయింది, దొరకలేదు. అక్క ఊపుతుంటే, మోచేతికి కాస్త పైన, ఉబ్బిన కండ చుట్టూ నానీ తడిగుడ్డ చుట్టింది. సిగిడి మీద మెత్తబడిన ఎర్రటి లక్క కడ్డీని దాని మీద వంచింది. మోచేతిని దాటించే పనే లేదు. చేతి మీదే గాజు చేసేస్తోంది. చేయి చాచినప్పుడు వదులైనా మోచేయి దాన్ని కిందికి జారనివ్వదు. నా బొమ్మలో లేనిది అదే.

రెండు కొనలూ కలిశాయి. నానీ సన్నటి ఇనుప పుల్లను కాల్చి అతుకు మీద తాకించింది.

"అమ్మా, ఇట్ల రా. ఇది ఆరేదాక ఈ అతుకు ఒత్తి పట్టుకో. నా చేతిల పుల్ల ఉన్నది."

అమ్మ వెనక్కి జరిగింది. "నా చేతులతోనా? వద్దు. ఆమె పుణ్యస్త్రీ."

నానీ రెండు చేతులూ చాపి చూపింది. మణికట్ల దగ్గర ఏమీ లేదు, వేళ్ల నిండా కాలిన మచ్చలే. "నా మొగడు పోయి ముప్పై ఏండ్లాయె. ఈ బజార్ల ఎందరు పెండ్లికూతుర్లకు తొడిగిన్నో. ఒక్కరన్న నా చేతులు వద్దన్లే. జల్దీ, లక్క గట్టివడ్తది!"

అమ్మ కొంగులోంచి చేయి తీసింది. బొటనవేలూ చూపుడువేలూ అతుకు మీద పెట్టి ఒత్తింది. పాప ఆమె వైపు చూసి ఏదో అంది. నానీ చల్లటి నీళ్లు చిలకరించింది. అక్క కదలకుండా అమ్మ వేళ్లనే చూస్తూ నిలబడింది.

"ఆరింది అమ్మా. ఇడువు."

"ఇంకొంచెం," అంది అమ్మ.

నేను ఆ పక్కనే, చేతిలో కొలత దారంతో, ఏ పనీ లేకుండా నిలబడ్డాను. చాలాసేపటికి అమ్మ వేళ్లు తీసింది. నానీ తడిగుడ్డను లాగేశాక, అమ్మ రవిక చేయిని తనే కిందికి సర్ది, ముడత పోయేదాకా నిమిరింది.

"సోమవారం ఎన్ని గంటలకు అక్కడ ఉండాలె నువ్వు?" అని అడిగింది.

అక్క పాపను నానీకి అందిస్తోంది. ఆరు గంటలకని నేను చెప్పాను.

"అయితె నాలుగింటికే పొయ్యి ముట్టిస్త," అంది అమ్మ. "రెండు జొన్నరొట్టెలు తిని పోతది."